న్యూట్రల్

నౌషీన్ మేడం అన్నది:
"కండ్లు మూసుకోండి సాయిలన్నా.
చెయ్యి కదిలియ్యొద్దు.
కదిలిచ్చినట్టు అనుకోండి, చాలు."

డిపోల చాయ్ గిలాస జారిపోయిన పొద్దు
తప్పు గిలాసదే అనుకున్న.
ముప్పై రెండొద్దుల సంది
ఎడమ చెయ్యి నా పక్కన్నే పండుకుంటున్నది
టికెట్టు కొనని ప్యాసింజర్ లెక్క.
లేపితే లెవ్వదు, దిగుమంటే దిగదు.

అనుకోనీకి నాకేం వచ్చు?
వచ్చింది ఒక్కటే.
గుడిమల్కాపూర్ కిరాయి ఇంట్ల, మంచం మీద,
మెహిదీపట్నంల బండెక్కిన.
ఐదో నంబరు, సికింద్రాబాద్ బోర్డు,
ఇరవై ఆరేండ్లు తోలిన తొవ్వ.

మొదటి రోజు
రోడ్డు అవతల నిలవడి చూసినట్టు
నన్ను నేనే చూసిన:
ఖాకీ అంగీ, బట్టతల, అద్దంల సగం మొఖం.
ఎవడో సాయిలు బస్సు తోల్తుండు.
చెప్తే మేడం తల అడ్డం తిప్పింది.
"సినిమా చూడొద్దన్నా, సీట్ల కూసోండి.
అరచేతికి ఏం తెలుస్తదో అది చెప్పండి."

అరచేతికా?
రాడ్డు మొన అరిగి అరిగి నున్నగైంది.
చెమటకు జారకుండ
లస్మి పాత చీర కొంగు చింపిచ్చింది, సుట్టిన.
ఇంజిను వణుకు ఆ బట్టల నుంచి మణికట్టుకు,
మణికట్టు నుంచి మోచేతికి ఎక్కుతది.
మోచెయ్యి దాటినంక అది వణుకు కాదు,
బండి పానం ఎట్లున్నదో చెప్పే ముచ్చట.
ఇంత చెప్పిన. మేడం రాసుకున్నది.
చెయ్యి మాత్రం దుప్పటి మీద అట్లనే.

నాలుగో రోజు వాచీ చూసుకుంట అడిగింది,
"ఎక్కడిదాక పోయిన్రు?"
"టాంక్‌బండ్."
"ఆరు నిమిషాల్లనా?"
దొరికిపోయిన.
లక్డీకాపూల్ సిగ్నల్ ఎగ్గొట్టిన,
మనసుల గూడ ట్రాఫిక్ ఎందుకని.
"బయట ఎంతసేపో లోపల గూడ అంతసేపు.
తొందర పడితే మెదడు నమ్మదన్నా."
డిపో మేనేజర్ నయం ఈ పిల్ల కంటె.

ఇగ ఆగిన.
పొద్దుగాల తొమ్మిదిన్నరకు
ఎర్ర లైటు కింద, నూట నలభై సెకండ్లు.
స్కూటీ పిల్ల చున్నీ చక్రంల పడేటట్టుంటే
హారన్ కొట్టిన.
వెనుక సుగుణక్క చిల్లరకు లొల్లి.
న్యూట్రల్ల రాడ్డును ఇటు అటు ఊపుకుంట కూసున్న,
ఉత్తగనే, ప్రతి డ్రైవరు ఊపినట్టు.
ఆ ఊపుడు నేను అనుకోలె.
అదే వచ్చింది.

పదకొండో రోజు
ఫస్టు గేరు పడలే.
కర్రుమన్నది, పండ్లు కొరికినట్టు.
మూడు సార్లు. మెహిదీపట్నమే దాటలే.
"ఏమైంది?" అన్నది మేడం.
నాకప్పుడు తట్టింది.
సగం మూతితోని నవ్విన.
క్లచ్చి తొక్కలే మేడం.
క్లచ్చి ఎడమ కాలిది.
ఇన్ని రోజుల్ల మీరు దాని పేరే ఎత్తలే.

ఆమె పెన్ను ఆగింది.
"అయితే కాలును గూడ డ్యూటీకి పిలవండి."

పిలిచిన.
ముందు కాలు. తర్వాత చెయ్యి.
మడమ కింద, వేళ్లు పెడల్ మీద.
తొక్కిన. సగం. ఇంక. మొత్తం.
రాడ్డు ఎడమకు నూకి ముందుకు.
పడ్డది.
పెరుగన్నంల చెయ్యి పెట్టినంత మెత్తగ.
సుగుణక్క గొంతు: రైట్, రైట్.

కండ్లు తెరిస్తే
చెయ్యి యాడున్నదో ఆడనే ఉన్నది.
అబద్ధమెందుకు.
లస్మి మాత్రం మంచం కాళ్ల దిక్కు ఒంగి
దుప్పటినే చూస్తున్నది,
పాలగిన్నె పొంగుతదా అని చూసినట్టు.
"బొటనవేలు" అన్నది మెల్లగ.
"మల్లొకసారి అనుకో. జల్ది అనుకో."

కండ్లు మూసిన.
ఆగవే.
మాసబ్ ట్యాంక్ కాడ రెడ్డు పడ్డది.